నల్లతెర మీద నాలుగు మాటలు

కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాటలు వినపడే ఉంటాయి.

'ఏమైంది బాబూ?'

'విండోస్ పాడైంది అంకుల్. ఫార్మాట్ కొట్టాల్సిందే.'

'మరి ఫొటోలూ అవీ?'

'డి డ్రైవ్‌లో ఉంటే ఉంటాయి. సి లో ఉంటే పోతాయి.'

అవి ఎందులో ఉన్నాయో ఇంట్లో ఎవరికీ తెలియదు. నిజానికి డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో, పిక్చర్స్‌లో దాచుకున్నవన్నీ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయి. అమ్మాయి పెళ్లి ఫొటోలు, అబ్బాయి ప్రాజెక్టు రిపోర్టు, పొలం కాగితాల స్కాన్ కాపీలు... అన్నీ ఆ 'పోతాయి' ఖాతాలోకే! రిపేరు కుర్రాణ్ని తప్పుపట్టి లాభం లేదు. అతని బల్లమీద ఇంకో నాలుగు సిస్టంలు ఎదురుచూస్తుంటాయి. ఫార్మాట్ కొడితే గంటా రెండు గంటల్లో పనైపోతుంది. జబ్బేమిటో వెతకాలంటే పూట పడుతుంది. ఆ పూట మీ దగ్గర ఉంటే, వెతికే పరికరాలు కూడా మీ కంప్యూటర్లోనే ఉన్నాయి. డబ్బు పెట్టి కొనక్కర్లేదు, డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్ అనే ఆ నల్లతెరను తెరిస్తే చాలు.

చాలామంది దీన్ని ఇప్పటికీ 'డాస్' అనే పిలుస్తారు. తొంభైల్లో కంప్యూటర్ కోచింగ్ సెంటర్లలో డాస్, వర్డ్‌స్టార్, లోటస్ నేర్చుకున్నవాళ్లకు ఆ అలవాటు పోదు మరి. 1981లో ఐబీఎం పీసీతో పాటు వచ్చిన డాస్‌కూ దీనికీ పోలిక ఉన్న మాట నిజమే కానీ రెండూ ఒకటి కాదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ ఇళ్లలోకి వచ్చినప్పుడే కింద ఉండే డాస్ వెళ్లిపోయింది. ఇప్పుడున్న నల్లతెర విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ మాత్రమే. పాత ఆదేశాలు కొన్నింటిని మాత్రం అలాగే ఉంచారు. డిస్కును పరీక్షించే 'చెక్‌డిస్క్' 1981 నాటి డాస్‌లోనూ ఉంది, నిన్న కొన్న విండోస్ 11లోనూ ఉంది!

తెరవడం తేలికే. స్టార్ట్ నొక్కి సి, ఎం, డి అనే మూడక్షరాలు కొట్టండి. కమాండ్ ప్రాంప్ట్ అని కనిపిస్తుంది. దాని మీద మౌస్ కుడి బటన్ నొక్కి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకోండి. అనుమతి అడిగితే 'యస్' అనండి. కింద చెప్పిన మరమ్మతు ఆదేశాల్లో చాలావాటికి ఈ పెద్దరికం కావాలి. ఇక్కడ తెలుగు లిపిలో ఉన్న ఆదేశాలన్నీ కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. పెద్దక్షరాలా చిన్నక్షరాలా అన్న పట్టింపు లేదు కానీ, ఖాళీలకు పట్టింపు ఉంది. అడ్డగీతకు ముందు ఖాళీ ఉంటే ఖాళీ వదలాల్సిందే. విండోస్ 10, 11 రెండింట్లోనూ ఇవి ఒకేలా పనిచేస్తాయి. కాకపోతే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

నెట్ పోయిందా... ఎక్కడ పోయింది?

ఎక్కువమందికి మొదట పనికొచ్చేది ఇదే. కరెంటు పోయి వచ్చాక నెట్ రాదు. ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే 'మా వైపు లైన్ బాగానే ఉందండీ, మీ సిస్టంలోనే ప్రాబ్లమ్' అంటాడు. సిస్టం బాగుచేసే అతన్ని అడిగితే 'మీ కేబుల్ వాళ్లను అడగండి' అంటాడు. ఈ పంచాయితీ తేల్చడానికి రెండు నిమిషాలు చాలు.

ముందు 'ఐపీకాన్ఫిగ్' అని కొట్టి ఎంటర్ నొక్కండి. మధ్యలో ఖాళీ ఉండదు. వచ్చిన వరసల్లో 'ఐపీవీ4 అడ్రస్' ఎదురుగా ఉన్న అంకెలు చూడండి. అవి 169.254తో మొదలైతే, మీ కంప్యూటర్‌కు రూటర్ నుంచి చిరునామా అందలేదని అర్థం. అడిగీ అడిగీ విసిగి తనకు తానే ఓ చిరునామా పెట్టేసుకుందన్నమాట. అప్పుడు వైరు సరిగ్గా కూర్చుందో లేదో చూసి, రూటర్‌ను ఓసారి ఆపి వెలిగించి, 'ఐపీకాన్ఫిగ్ /రెన్యూ' కొట్టండి. చాలాసార్లు అక్కడితో సర్దుకుంటుంది.

చిరునామా బాగానే ఉంటే అక్కడే 'డీఫాల్ట్ గేట్‌వే' అనే వరస కనిపిస్తుంది. ఎక్కువ ఇళ్లలో అది 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ అయి ఉంటుంది. అది మీ రూటర్. దాన్ని పలకరించడానికి 'పింగ్ 192.168.1.1' అని కొట్టాలి. పింగ్ అంటే జలాంతర్గాములు శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి ఎదుట ఏముందో కనిపెట్టే పద్ధతికి వాడే మాట. 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ ఈ ప్రోగ్రామ్ రాసి ఆ పేరే పెట్టాడు. చేసే పనీ అదే. నాలుగుసార్లు పిలుస్తుంది. 'రిప్లయ్ ఫ్రమ్' అని వస్తే పలికినట్టు. 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అని వస్తే పలకనట్టు.

రూటర్ పలకకపోతే తగాదా మీ ఇంట్లోనే. వైరో, వైఫైనో, రూటరో చూసుకోవాలి. రూటర్ పలికితే తర్వాత 'పింగ్ 8.8.8.8' కొట్టండి. ఇది గూగుల్ 2009లో అందరికోసం పెట్టిన సర్వర్ చిరునామా. గుర్తుపెట్టుకోవడం తేలిక కాబట్టి అందరూ దీన్నే వాడతారు. రూటర్ పలికి ఇది పలకకపోతే తేడా చాలావరకు బయట ఉన్నట్టే. ఇక ఆపరేటర్‌తో ధైర్యంగా మాట్లాడొచ్చు. 'గేట్‌వే పింగ్ అవుతోంది, బయటికి వెళ్లట్లేదు' అని ఒక్క వాక్యం చెప్పి చూడండి. అవతలి గొంతులో మర్యాద పెరుగుతుంది!

రెండూ పలుకుతున్నా వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదంటే, పేర్లను అంకెల్లోకి మార్చే డీఎన్‌ఎస్ వ్యవస్థ దగ్గర ఇబ్బంది ఉండొచ్చు. కంప్యూటర్ పాత చిరునామాలను మనసులో పెట్టుకుని ఉండొచ్చు. 'ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్‌ఎస్' కొడితే వాటిని మరిచిపోయి మళ్లీ కొత్తగా అడుగుతుంది.

నెట్ పూర్తిగా పోకుండా వస్తూ పోతూ ఉంటే 'పింగ్ 8.8.8.8 -టి' వాడండి. ఆపేదాకా పిలుస్తూనే ఉంటుంది. కంట్రోల్, సి కలిపి నొక్కితే ఆగి, ఎన్ని పిలుపులకు జవాబు రాలేదో లెక్క చెబుతుంది. ఆ తెరను ఫోన్‌తో ఫొటో తీసి ఆపరేటర్‌కు పంపితే వాదన అక్కర్లేదు.

జెరాక్స్ షాపు నుంచి వచ్చిన చుట్టం

హాల్‌టికెట్ ప్రింటు తీయించడానికి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తారు. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయి ఉంటాయి. లేదా డ్రైవ్ ఖాళీగా కనిపిస్తుంది. విచిత్రం ఏమిటంటే 16 జీబీలో 12 జీబీ నిండి ఉందనీ చూపిస్తుంది. ఇంట్లోవాళ్లు గుండెలు బాదుకుంటారు. కొందరు ఆ కోపంలోనే పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసేస్తారు. అదే తొందరపాటు.

ఈ రకం వైరస్ ఫైళ్లను చెరపదు. వాటికి 'దాగినవి', 'సిస్టంవి' అనే గుర్తులు తగిలించి కనపడకుండా చేస్తుంది. వాటి స్థానంలో అవే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. మీరు ఫోల్డర్ అనుకుని నొక్కుతారు, వైరస్ నడుస్తుంది. కాబట్టి ముందుగా ఆ షార్ట్‌కట్‌లు నొక్కడం మానాలి. తర్వాత పెన్‌డ్రైవ్‌కు ఏ అక్షరం వచ్చిందో చూడండి. జి అనుకుంటే, నల్లతెరలో 'జి:' కొట్టి ఎంటర్ నొక్కాలి. ఆ తర్వాత ఇది...

అట్రిబ్ -హెచ్ -ఆర్ -ఎస్ /ఎస్ /డి *.*

అట్రిబ్ అంటే ఏ, టి, టి, ఆర్, ఐ, బి. మైనస్ గుర్తుతో ఉన్న మూడూ 'దాగిన, మార్చకూడని, సిస్టం' అనే గుర్తుల్ని తీసెయ్యమని చెప్పడం. అడ్డగీతతో ఉన్న రెండూ లోపలి ఫోల్డర్లకు కూడా వర్తింపజెయ్యమని. 'సిస్టం వాల్యూమ్ ఇన్ఫర్మేషన్' దగ్గర అనుమతి లేదని గొణిగితే పట్టించుకోవద్దు. కాసేపటికి ప్రాంప్ట్ తిరిగొస్తుంది. పెన్‌డ్రైవ్ తెరిస్తే పోయాయనుకున్నవన్నీ కనిపిస్తాయి. ఒక్కోసారి పేరే లేని ఫోల్డర్ ఒకటి కొత్తగా ప్రత్యక్షమవుతుంది. కంగారు పడకండి, మీ ఫైళ్లు అందులోనే ఉండొచ్చు. ముఖ్యమైనవి తీసుకుని, షార్ట్‌కట్‌లు చెరిపేసి, యాంటీవైరస్‌తో పెన్‌డ్రైవ్‌నూ కంప్యూటర్‌నూ పూర్తిగా స్కాన్ చేయాలి. స్కాన్ మానేస్తే, రేపు మళ్లీ ఇదే కథ.

ఒకటి గుర్తుంచుకోవాలి. ఫైళ్లు నిజంగానే చెరిగిపోయినా, తాళాలు వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ సోకినా అట్రిబ్ ఏమీ చేయలేదు. ఇది ముసుగు తీసే మంత్రమే.

విండోస్ మందగిస్తే

ఏదో ఒక కిటికీ ఉన్నట్టుండి మూసుకుపోవడం, స్టార్ట్ మెనూ తెరుచుకోకపోవడం, నీలితెర వచ్చి ఆగిపోవడం... ఇలాంటప్పుడు విండోస్ సొంత ఫైళ్లు చెడిపోయాయేమో చూడాలి. దీనికి రెండు ఆదేశాలు.

డిఐఎస్‌ఎం /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్

ఎస్‌ఎఫ్‌సి /స్కాన్‌నౌ

మొదటిది మరమ్మతుకు కావాల్సిన సామగ్రిని సరిచేస్తుంది. దానికి నెట్ ఉండాలి, ఎందుకంటే చెడిపోయిన వాటికి బదులు మైక్రోసాఫ్ట్ నుంచి తెచ్చుకుంటుంది. రెండోది ఆ సామగ్రితో సిస్టం ఫైళ్లను ఒక్కొక్కటే సరిచూసి బాగుచేస్తుంది. మధ్యలో ఒక అంకె దగ్గర చాలాసేపు కదలకుండా నిలబడిపోతుంది. పాడైందనుకుని మూసెయ్యొద్దు, వెళ్లి కాఫీ తాగి రండి. చివర్లో మూడు రకాల తీర్పుల్లో ఒకటి వస్తుంది. లోపాలేవీ లేవు. ఉన్నాయి, బాగుచేశాను. ఉన్నాయి, కొన్నింటిని బాగుచేయలేకపోయాను. మూడోది వస్తే కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి మరోసారి రెండూ నడపండి. వీటివల్ల మీ ఫొటోలకూ ఫైళ్లకూ ఏమీ కాదు.

హార్డ్‌డిస్క్ మూలుగుతుంటే...

ఇక్కడే చాలామంది సలహాదారులు తప్పుదోవ పట్టిస్తారు. కంప్యూటర్ నెమ్మదించింది అనగానే 'చెక్‌డిస్క్ సి: /ఆర్' కొట్టమంటారు. చెక్‌డిస్క్ అంటే సి, హెచ్, కె, డి, ఎస్, కె. ఏ తోకా లేకుండా కొడితే పరీక్షించి చెబుతుంది, దేన్నీ ముట్టుకోదు. /ఎఫ్ తగిలిస్తే ఫైళ్ల చిట్టాలోని తప్పులు దిద్దుతుంది. కరెంటు పోయి కంప్యూటర్ ఉన్నపళంగా ఆగిపోయాక వచ్చే తేడాలకు ఇది చాలు. సి డ్రైవ్ వాడుకలో ఉంది కాబట్టి ఈసారి ఆన్ చేసినప్పుడు చేయమంటావా అని అడుగుతుంది. వై అనాలి. ఇక /ఆర్ అంటే డిస్కులో ప్రతి అంగుళమూ చదివి చూడమని. పెద్ద డిస్కుకు గంటల తరబడి పడుతుంది.

డిస్కు నుంచి టిక్ టిక్ మని చప్పుడు వస్తోందంటే, ఫైలు తెరిస్తే నిమిషాలు పడుతోందంటే అది చివరి దశలో ఉన్నట్టు. అలాంటి దానితో గంటల తరబడి చాకిరీ చేయిస్తే మధ్యలోనే కన్ను మూయొచ్చు. ముందు ఫైళ్లు బయటికి తీయాలి, పరీక్షలు తర్వాత. ఒంట్లో ఓపిక లేనివాణ్ని ట్రెడ్‌మిల్ ఎక్కించరు కదా!

డిస్కు ఆరోగ్యం గురించి అదే ఏమంటోందో తెలుసుకోవాలంటే పవర్‌షెల్ తెరిచి 'గెట్-ఫిజికల్‌డిస్క్' కొట్టండి. 'హెల్తీ' అని వస్తే కొంత ఊరట, 'వార్నింగ్' అని వస్తే ఆ రోజే కాపీలు తీసుకోవాలి. పాత పుస్తకాల్లో దీనికి 'డబ్ల్యూఎంఐసి' అనే ఆదేశం చెప్పేవారు. కొత్త విండోస్ 11లో అది ముందుగా అమర్చి రావడం లేదు. దానికోసం వెతుక్కోవద్దు.

కాపీకి మౌస్‌తో లాగడం కంటే 'రోబోకాపీ' మేలు. పేరులో రోబో ఉన్నా యంత్రంతో సంబంధం లేదు, 'దృఢమైన కాపీ' అనే అర్థంలో పెట్టిన పేరు. విస్టా కాలం నుంచి విండోస్‌లోనే వస్తోంది. మౌస్‌తో లాగితే ఒక్క ఫైలు చెడిపోయినా పని మధ్యలో ఆగి ప్రశ్నలడుగుతుంది. రోబోకాపీ దాన్ని వదిలేసి ముందుకెళ్తుంది. అయితే ఓ మెలిక ఉంది. ఏమీ చెప్పకపోతే చదవలేని ఒక్కో ఫైలు కోసం పది లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి మరీ ప్రయత్నిస్తుంది! లెక్కేస్తే దాదాపు ఏడాది. అందుకే 'ఒక్కసారి ప్రయత్నించు, ఒక్క సెకను ఆగు' అని ముందే చెప్పాలి.

రోబోకాపీ డి:\ఫొటోస్ ఇ:\ఫొటోస్ /ఇ /ఆర్:1 /డబ్ల్యు:1

మొదటిది ఫొటోలున్న చోటు, రెండోది బయటి డిస్కులో చేరాల్సిన చోటు. మీ కంప్యూటర్లోని పేర్లు పెట్టుకోవాలి. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే ఆ చోటును మొత్తంగా కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలి. /మిర్ అనే తోక జోలికి మాత్రం పోవద్దు. అది రెండుచోట్లా అచ్చంగా ఒకేలా ఉండాలని, చేరే చోట అదనంగా ఉన్నవాటిని చెరిపేస్తుంది.

మరి విండోస్ అసలు తెరుచుకోకపోతే? అప్పుడూ దారుంది. కొన్నిసార్లు వరసగా ఆన్ కాలేకపోతే విండోస్ తనంతట తానే రికవరీ తెర చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్ వరసగా నొక్కండి. నల్లతెర వచ్చాక 'నోట్‌ప్యాడ్' అని కొట్టండి. నోట్‌ప్యాడ్‌తో ఏం పని అనుకుంటున్నారా? అందులో ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, కింద 'ఆల్ ఫైల్స్' ఎంచుకుంటే డ్రైవులన్నీ కనిపిస్తాయి. కావాల్సిన ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి కాపీ అని, పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేసుకోవచ్చు. కాపీ ఎంతవరకు అయిందో చూపించదు, కాస్త ఓపిక పట్టాలి. ఇక్కడ డ్రైవుల అక్షరాలు మారిపోయి ఉండొచ్చు. సి అనుకున్నది డి గా కనిపించినా గాభరా పడొద్దు.

ఈ పనికి అడ్డం వచ్చేది ఒక్కటే... బిట్‌లాకర్. కొత్త కంప్యూటర్లు చాలావాటిలో డిస్కుకు తాళం ముందే పడి ఉంటుంది. అప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మామూలుగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కంప్యూటర్ బాగున్నప్పుడే దాన్ని ఓ కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టుకోండి. ఆ అంకెలు లేకపోతే రిపేరు కుర్రాడే కాదు, మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు.

చిటికెలో చిన్న చిట్కాలు

రాత్రి పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెట్టి పడుకోవాలా? 'షట్‌డౌన్ /ఎస్ /టి 3600' కొడితే గంట తర్వాత ఆగిపోతుంది. అంకె సెకన్లలో. మనసు మారితే 'షట్‌డౌన్ /ఏ'. సేవ్ చేయని పనులేవైనా తెరిచి ఉంటే, అడక్కుండానే మూసేస్తుంది. జాగ్రత్త.

సి డ్రైవ్ నిండిపోతే 'పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్' కొట్టి చూడండి. హైబర్నేట్ కోసం దాచిన పెద్ద ఫైలు పోతుంది. అది మామూలుగా ర్యామ్‌లో 40 శాతం దాకా చోటు తింటుంది. దాంతోపాటే త్వరగా ఆన్ అయ్యే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. మళ్లీ కావాలంటే చివర ఆఫ్‌కు బదులు ఆన్.

ఏ ఆదేశం వెనకాలైనా '| క్లిప్' చేరిస్తే ఫలితం తెరమీద కాకుండా క్లిప్‌బోర్డులోకి పోతుంది. హైదరాబాద్‌లో ఉన్న మేనల్లుడికి మెయిల్లో పేస్ట్ చేసి పంపొచ్చు. 'మావయ్యా, తెరమీద ఏముందో చదువు' అని అతను, కళ్లజోడు వెతుక్కుంటూ మీరు... ఆ అవస్థ తప్పుతుంది.

అవతలివాడు చెబితే కొట్టొద్దు

ఈ నల్లతెరంటే జనానికి ఉన్న భయమే మోసగాళ్లకు పెట్టుబడి. 'మీ కంప్యూటర్లో వైరస్ ఉంది, మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం' అని ఫోన్ వస్తుంది. 'నమ్మకం లేకపోతే అసోక్ అని కొట్టండి సార్' అంటాడు. పెద్ద జాబితా వస్తుంది. దాని చివర్లో 888డిసిఏ60తో మొదలయ్యే పొడవాటి సంఖ్యను అవతలివాడు గడగడా చదివేస్తాడు. 'ఇది మీ కంప్యూటర్ లైసెన్స్ నంబరు, మాకు తప్ప ఎవరికీ తెలియదు' అంటాడు. వింటున్న పెద్దాయన అక్కడ పడిపోతాడు. అసలు సంగతేమిటంటే ఆ సంఖ్య విండోస్ ఉన్న ప్రతి కంప్యూటర్లోనూ అదే! ఫైళ్ల రకాలను గుర్తించే పట్టికలో ఒక వరస, అంతే.

మరో నాటకం 'నెట్‌స్టాట్'. కొట్టగానే 'ఫారిన్ అడ్రస్' అనే శీర్షిక కింద అంకెలు బారులు తీరతాయి. 'చూశారా, విదేశీ హ్యాకర్లు దూరారు' అంటాడు. ఫారిన్ అంటే అక్కడ అవతలి కంప్యూటర్ అని మాత్రమే అర్థం. మీరు చూస్తున్న న్యూస్ సైటు కూడా ఆ జాబితాలోనే ఉంటుంది. 2012లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి ముఠాలపై కేసులు పెట్టింది. అయినా పద్ధతులు మారాయి తప్ప దందా ఆగలేదు.

2024 నుంచి బాగా విస్తరించిన రకం ఇంకా సులువైనది. ఫోనే అక్కర్లేదు. ఏదో సైటు తెరవగానే 'మీరు రోబో కాదని నిరూపించండి' అంటుంది. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కమంటుంది. తర్వాత కంట్రోల్, వి. తర్వాత ఎంటర్. మీరు ఏదీ టైపు చేయలేదు కాబట్టి ప్రమాదం లేదనిపిస్తుంది. కానీ ఆ పేజీ అప్పటికే ఓ ఆదేశాన్ని గుట్టుగా మీ క్లిప్‌బోర్డులో పెట్టి ఉంటుంది. మీ చేత్తోనే మీ కంప్యూటర్లోకి పాస్‌వర్డులు దోచే ప్రోగ్రామ్‌ను రప్పిస్తుంది. నిజమైన ఏ పరీక్షా ఈ మూడు మీటలూ నొక్కమని అడగదు.

పొరపాటున నొక్కేసి ఉంటే వెంటనే నెట్ వైరు పీకెయ్యండి. వైఫై అయితే ఆపెయ్యండి. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులను ఆ కంప్యూటర్ నుంచి కాకుండా ఫోన్ నుంచో, మరో కంప్యూటర్ నుంచో మార్చాలి. డబ్బు పోయినట్టు తెలిస్తే బ్యాంకుకు చెప్పి, 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే, డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ.